అల్పదృష్టి పిల్లలు, బడి చదువు

చికిత్స చేయించినా, కళ్లద్దాలు పెట్టినా చూపు పూర్తిగా తేటపడని స్థితి అల్పదృష్టి. ఈ పిల్లలు పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదువుతుంటే పెద్దలు కసురుతారు. అనవసరం. దగ్గరయ్యేకొద్దీ అక్షరం రెటీనా మీద పెద్దదిగా పడుతుంది, కళ్లేమీ పాడవవు. కనుగుడ్లు వాటంతటవే కదులుతుండే నిస్టాగ్మస్ ఉన్నవారు ఆ కదలిక తగ్గే కోణం కోసం తల వాలుస్తారు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రెటీనా జబ్బులో చూపు గొట్టంలా ఇరుకవుతుంది కనుక, మరీ పెద్ద అక్షరాలైతే పదమంతా ఒకేసారి కనబడదు.

చూపు వాడితే అరిగిపోతుందన్న భయంతో ఒకప్పుడు లండన్, బోస్టన్‌లలో ‘చూపు పొదుపు’ తరగతులు నడిపారు. 1964లో అమెరికన్ విద్యావేత్త నటాలీ బరాగా పరిశోధన ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది: శిక్షణతో పిల్లలు ఉన్న చూపునే మెరుగ్గా వాడుకున్నారు.

ఉన్న చూపుతో చదవాలంటే అచ్చు కూడా అనువుగా ఉండాలి. తెలుగు ఒత్తులు చిన్నవి, వరుసల మధ్య ఇరుక్కుంటాయి. కనుక ప్రశ్నపత్రంలో అక్షరాల సైజుతోపాటు వరుసల ఎడమూ పెంచాలి.