మల్లవిద్యకు కావ్యసాక్ష్యం: సురవరం ప్రతాపరెడ్డి చరిత్రరచన

సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) కథకుడు, నాటకకర్త, పత్రికాసంపాదకుడు. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల జైత్రయాత్రలను పక్కనపెట్టి ప్రజల తిండిని, బట్టను, పండుగను, ఆటను చరిత్రకు ఎక్కించింది. సాము, గరిడీల వంటి దేహవిద్యలు చరిత్రాంశాలుగా పరిగణన పొందడానికి ఈ దృక్పథమే దారి వేసింది. 1955లో ఈ గ్రంథానికి మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఈ దృక్పథానికి నేపథ్యం నిజాం రాష్ట్రాంధ్రోద్యమం. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం, 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1936 షాద్‌నగర్ సభకు అధ్యక్షుడైన కొండా వెంకట రంగారెడ్డిది మొయినాబాదు ప్రాంతపు పెద్దమంగళారం. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ఇచ్చిన జవాబు 1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’. అందులో 354 మంది కవులున్నారు. ఆక్షేపణకు ఆధారాల రాశితో బదులు చెప్పే ఆ అలవాటే సాంఘిక చరిత్రలోనూ కనిపిస్తుంది.

అయితే కావ్యం ఎంతవరకు ఆధారం? 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా పట్టించుకొని, మట్టితో చేసిన బరువులెత్తి, కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీ పట్టేవాడని రాశాడు. ఇటువంటి వివరం ప్రబంధంలో దొరకడం అరుదు. కవి వర్ణించే మల్లుడు చాలావరకు కవిసమయంలో పుట్టినవాడు. కాని అతడి సాధనాల పేర్లు, పట్ల పేర్లు ఊహలోనుంచి పుట్టవు. కనుక వర్ణన కన్నా పదజాలమే గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం. కావ్యాలనుంచి సురవరం ఏరిన పదాలు ఆయన చేసిన నిర్ధారణల కన్నా ఎక్కువకాలం నిలుస్తాయి.

‘సాము’ శ్రమ శబ్దానికి వికృతి. ‘గరిడి’ అభ్యాసస్థలం. చేవెళ్ల, మొయినాబాదు వంటి హైదరాబాదు పరిసర గ్రామాల వాడుకలో వీటి స్థానాన్ని తాలీం, ఉస్తాదు, పహిల్వాను, బస్కీలు ఆక్రమించాయి. (నిఘంటుకారులకు ఇవి అన్యదేశ్యాలు, పలికేవారికి అచ్చమైన ఇంటిమాటలే.) సంస్కృతాంధ్రాలతోపాటు ఉర్దూ ఎరిగి, ‘మొగలాయి కథలు’ రాసిన సురవరం ఈ రెండు పొరలనూ చదవగల అర్హుడు. కావ్యాల పొరను ఆయన తవ్వారు. రెండో పొర గ్రంథస్థం కాలేదు. అది ఇక్కడి వృద్ధ పహిల్వాన్ల జ్ఞాపకాల్లో, జాతర కుస్తీల కేకల్లో ఉంది. పొలాలు ప్లాట్లుగా మారుతున్న ఈ ఊళ్లలో ఆ మాటలను నమోదు చేయడానికి మిగిలిన వ్యవధి తక్కువ.