దోమను చూపినవారు, నిరూపించినవారు

ఎల్లో ఫీవర్ దోమకాటుతో వస్తుందని కనిపెట్టిందెవరంటే చాలామంది వాల్టర్ రీడ్ పేరే చెబుతారు. కానీ హవానా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే అక్కడి అకాడమీలో దోమ మీద వేలు పెట్టి చూపించాడు. దాదాపు ఇరవై ఏళ్లు ఆయన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1900లో అమెరికా సైన్యం పంపిన రీడ్ బృందం పని మొదలుపెట్టింది ఆయన ఇచ్చిన దోమగుడ్లతోనే. ఫిన్లే ఊహించాడే తప్ప రుజువు చేయలేదు కదా అంటారు. నిజమే. రోగిని కుట్టిన దోమ జబ్బు అంటించడానికి సుమారు 12 రోజులు పడుతుంది. ఆయన అన్నాళ్లు ఆగలేదు. ఆ వ్యవధికి ఆచూకీ ఇచ్చింది మిసిసిపీలో కేసుల మధ్య ఎడాన్ని లెక్కగట్టిన హెన్రీ కార్టర్. రుజువు వేటలో రీడ్ సహచరుడు జెస్సీ లాజియర్ 34 ఏళ్లకే అదే జ్వరంతో కన్నుమూశాడు. ఇంతమంది శ్రమను ఒక్కరి ఖాతాలో వేయడం అన్యాయం.

ఈ వాటాలు మనం తేల్చగలుగుతున్నామంటే కాగితాలు మిగలబట్టే. కార్టిజోన్ పరిశోధనకు 1950లో నోబెల్ అందుకున్న ఫిలిప్ హెంచ్ రీడ్ బృందం పనికి సాక్షులై బతికున్నవారికి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి, పత్రాలు కూడబెట్టాడు. అవిప్పుడు వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలో స్పానిష్ వలసకూలీల ఒప్పందపత్రాలూ ఉన్నాయి: రీడ్ బృందం తమపై చేసే ప్రయోగానికి ఒప్పుకుంటే 100 డాలర్ల బంగారం, జబ్బు పడితే మరో 100. డబ్బు పుచ్చుకున్నవారికి ఘనత ఎందుకనడం తగదు. పణంగా పెట్టింది ప్రాణాన్ని. ఫిన్లే, రీడ్ వాదంలో వీళ్ల ఊసే ఉండదు.