నిద్రపోని చెవి: పడవరేడియో పుట్టుపూర్వోత్తరములు

మైలవరము జలాశయపు కట్టమీద నిలిచి చూచువారికి ఎదుట నీరు విరివిగానే కనిపించును గాని ఆ నీటిమీద ఓడలు నడువవు. పెన్నానది అచ్చటినుండి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములను దాటి, నెల్లూరుసీమను తడిపి, ఊటుకూరు చెంత బంగాళాఖాతమున గలియును. ఆ నదీముఖమునకు ఇరువైపుల ఉప్పునీటిపై బ్రదుకుచున్న మత్స్యకార కుటుంబములు వేలకొలది కలవు. మరపడవలలో చుక్కాని చెంత నుంచుకొనెడి చిన్న రేడియో పెట్టెను గూర్చి మేమిచ్చట ముచ్చటింప దలచినాము. సముద్రమెఱుగని సీమవారికి ఇదియెందులకని ఎవరైన అడుగవచ్చును. మన యింటి రేడియోయు ఆ పెట్టెయు ఒకే తల్లి బిడ్డలు. భేదము ఒక్కటే. మన యింటిది వినిపించును. దాని ముందు నిలిచి మన మెంత మొఱపెట్టుకొన్నను ఆ మొఱను ఎవరికిని చేర్పదు. పడవలోనిది వినిపించును, విన్నవించును కూడ. అయినను దాని గొప్పతనము పలుకుటలో కంటె వినుటయందే ఎక్కువగా నున్నదని మా అభిప్రాయము. అది తెలియుటకు కొంత వెనుకకు పోవలెను.

తీగలేని తంతి తొలినాళ్ళలో నిప్పురవ్వతో నడిచినది. రెండు లోహపు గుండ్ల నడుమ విద్యుత్తు చిటపటలాడుచు దూకునప్పుడు తరంగములు పుట్టెడివి. దూరమున గాజుగొట్టములోని లోహపు పొడి వానిని పసికట్టెడిది. 1895 ప్రాంతమున కలకత్తాలో ఆచార్య జగదీశచంద్ర బోసు ఇట్టి తరంగములతో గోడ కావల నున్న గంటను మ్రోగించి చూపెను. మార్కోనీ ఆ విద్యను వర్తకముగా మార్చి ఓడల కెక్కించెను. 1899లో ఇంగ్లండు తీరమున ఈస్ట్ గుడ్విన్ అను దీపపు నౌకను మఱియొక ఓడ ఢీకొనగా, ఆ నౌకవారు ఈ సాధనముతోనే సహాయమును కోరిరి. కాని నిప్పురవ్వ తరంగము సంతలో మ్రోగెడి డప్పువంటిది. ఒకడు వాయించుచుండగా చుట్టుప్రక్కల మఱియొకని మాట వినబడదు. ఆ డప్పును విప్పి చుక్కలు, గీతలుగా మార్చి చదువుటకు చెవులకు గొట్టములు తగిలించుకొని ఒక మనుష్యుడు కూర్చుండవలెను. ఆ మనుష్యునకు నిద్ర వచ్చును.

1912 ఏప్రిల్ 14వ తేది రాత్రి జరిగినది అదియే. టైటానిక్ నౌక మంచుకొండను తాకినపుడు కాలిఫోర్నియన్ అను ఓడ ఇరువది మైళ్ళకు మించని దూరమున నిలిచియుండెను. దానిలో తంతివాడు ఒక్కడే. అతడు దినమంతయు పనిచేసి, ప్రమాదమునకు కొద్ది నిమిషముల ముందే యంత్రమును కట్టి పండుకొనెను. ఏబది మైళ్ళకు పైగా దూరమున నున్న కార్పేథియాలోని తంతివాడు కూడ పక్క చేరబోవుచు, ఇంకను చెవిగొట్టములు తీయకుండుటచే ఆ పిలుపును వినెను. ఆ ఓడ తెల్లవారుజామున చేరి ఏడువందల పైచిలుకు ప్రాణములను కాపాడెను. పదునైదు వందలకు పైగా పోయినవి. దగ్గరివాడు నిద్రించెను, దూరపువాడు మేలుకొనియుండెను. ఆ నౌకలో పడవలు చాలలేదని అందఱును ఎఱుగుదురు. చెవులు చాలలేదన్న సంగతిని తలచువారు తక్కువ. 1914లో లండనులో పలు దేశములు కూడి చేసికొన్న ఒడంబడికలో, పెద్ద ఓడలలో రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు వినుచుండవలెనన్న నియమము వచ్చినది. అయితే పదిమంది ఎక్కిన చేపలపడవలో వినుటకే ఒకనిని కూర్చుండబెట్టుట సాధ్యమా? ఆ ప్రశ్నకు సమాధానము నియమములనుండి కాక సర్క్యూట్లనుండి రావలసివచ్చెను.

ఫ్లెమింగు 1904లో రెండు ధ్రువముల వాల్వును, డీఫారెస్టు 1906లో మూడవ ధ్రువమును చేర్చిన వాల్వును కనిపెట్టిరి. దీనితో క్షీణించిన తరంగమును బలపఱచుటకు మార్గమేర్పడెను. ఇచ్చట తెలుగునేల మాట యొకటి చెప్పుకొనక తప్పదు. వాల్వులోపలి సన్నని లోహపు రేకులను కదలకుండ పట్టియుంచినది అభ్రకపు బిళ్ళ. మేలిరకపు కండెన్సరులలో పొరలనడుమ నుండినదియు అభ్రకమే. మనవారు కాకిబంగారమని పిలిచెడి ఈ ఖనిజమును గూడూరు, సైదాపురము ప్రాంతముల గనులలో త్రవ్వి, పొరలు పొరలుగా చీల్చి, విదేశములకు పంపెడివారు. పెన్న సముద్రమున గలియు ఆ జిల్లాయే ఓడల రేడియోలకును తనవంతు కట్నము సమర్పించినదన్న మాట.

అటుపిమ్మట అమెరికా దేశీయుడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో సూపర్ హెటిరోడైన్ పద్ధతిని రూపొందించెను. మన యింటి రేడియో నడుచునది దీనితోనే. వచ్చిన తరంగమును వచ్చినట్లే పెంచబోయిన, స్టేషను మార్చినప్పుడెల్ల సర్క్యూట్ల నన్నింటిని తిరిగి సరిచేయవలసియుండును. అందుచేత సెట్టులోపలనే మఱియొక తరంగమును పుట్టించి రెంటిని కలుపుదురు. వాని భేదమగు పౌనఃపున్యము ఎల్లప్పుడు ఒక్కటిగనే నిలుచును; మన సెట్లలో అది సామాన్యముగా 455 కిలోహెర్ట్జులు. ఆ ఒక్క పౌనఃపున్యమునకే తీర్చిదిద్దిన సర్క్యూట్లు తక్కినవానిని జల్లెడపట్టి తీసివేయును. పడవరేడియోకు వచ్చు తరంగము సెకనుకు పదునైదు కోట్లకు పైగా కంపించునది గనుక, తఱచుగా ఈ పనిని రెండు మెట్లలో చేయుదురు. ఉదాహరణమునకు, 156.8 మెగాహెర్ట్జుల తరంగమును మొదట 21.4కు దించి, పిదప 455 కిలోహెర్ట్జులకు దించుదురు. బావిలోని నీటిని మొదట తొట్టిలోనికి, తొట్టినుండి కాలువలోనికి పోయుట వంటిదే యిది.

ఆర్మ్‌స్ట్రాంగునకే 1933లో మఱియొక విద్యకు హక్కుపత్రములు లభించినవి. అంతవఱకు మాటనుబట్టి తరంగపు ఎత్తును పెంచి తగ్గించుచుండిరి. మెఱుపులును, ఇంజను రవ్వలును ఆ ఎత్తునే చెడగొట్టును గనుక మాటతోబాటు గరగరయు చెవిలో పడెడిది. ఆయన ఎత్తును కదలనీయక, మాటనుబట్టి పౌనఃపున్యమును మాత్రమే అటునిటు ఊపెను. వినువైపున లిమిటరు అను సర్క్యూటు తరంగపు తలలను సమముగా కత్తిరించును. కత్తిరింపులో రొద పోవును, మాట పోదు. పిదప డిస్క్రిమినేటరు అనునది ఆ ఊపును తిరిగి ధ్వనిగా మార్చును. ఇన్ని మేలుచేసినవాడు సంస్థలతో వ్యాజ్యములాడి అలసి, 1954లో తన ప్రాణమును తానే తీసికొనెను. ఆ తరువాత మూడేండ్లకు ఆయన పద్ధతియే సముద్రమునకు శాసనమైనది.

1947లో అట్లాంటిక్ సిటీ సమావేశము 156.8 మెగాహెర్ట్జులను నౌకల పిలుపునకును, రక్షణకును ప్రత్యేకించెను. 1957లో హేగు నగరమున కూడినవారు తక్కిన కాలువలను ఏర్పఱచి, వానికి అంకెలు వేసిరి. ఆ పిలుపు కాలువయే 16వది. తొలుత కాలువకు కాలువకు 50 కిలోహెర్ట్జుల ఎడముండెడిది. రద్దీ పెరిగిన పిదప దానిని 25కు తగ్గించి, పాతవాని నడుమ క్రొత్తవి ఇఱికించిరి. అందుచేతనే నేటికిని ఈ సెట్లమీద అంకెలు 28నుండి ఒక్కసారిగా 60కి దూకును. ఈ దూకుడు చూచి సెట్టు చెడినదని క్రొత్తవారు భ్రమపడుటయు కలదు.

పలుకువైపు సంగతి క్లుప్తముగా చెప్పెదము. పాతసెట్లలో ప్రతి కాలువకు ఒక స్ఫటికపు బిళ్ళ యుండెడిది. అది సెకనుకు సుమారు ఒక కోటి ముప్పది లక్షలసార్లు కంపింపగా, వరుస సర్క్యూట్లు దానిని పండ్రెండింతలు చేసి 16వ కాలువకు చేర్చెడివి. నేటి సెట్టులో ఒకే స్ఫటికము కలదు. తక్కిన పౌనఃపున్యములను దానితో పోల్చి సరిదిద్దుకొనుచుండు సర్క్యూటు అన్ని కాలువలను పుట్టించును. మైకునుండి వచ్చిన మాట తరంగమును ఇటునటు 5 కిలోహెర్ట్జులకు మించకుండ ఊపును. కడపటి మెట్టున శక్తి 25 వాట్లకు పెరుగును. రేవులో దగ్గరివారితో మాటలాడుటకు ఒక్క వాటు చాలును. పలుకునపుడు మీట నొక్కవలెను. నొక్కినంతసేపు ఏరియల్ పలుకువైపునకు తిరిగియుండును, అప్పుడు సెట్టు వినజాలదు.

ఇక మేము మొదట చెప్పిన నిద్రపోని చెవి మాట. ఆర్మ్‌స్ట్రాంగు పద్ధతిలో ఒక చిక్కు కలదు. ఎవరును పలుకనప్పుడు డిస్క్రిమినేటరు ఊరకుండదు. జలపాతము వలె హోరుమని ఘోషించును. రాత్రియంతయు ఆ హోరు చెవిలో పడుచున్నచో ఎంతటి ఓర్పుగలవాడైనను సెట్టును కట్టివేయును. అప్పుడు కాలిఫోర్నియన్ కథయే తిరిగి వచ్చును. దీనికి కనిపెట్టిన మందు స్క్వెల్చ్ అను చిన్న సర్క్యూటు. మనుష్యుని మాట సెకనుకు ఇంచుమించు 300 మొదలు 3000 కంపనములలోపల ఇముడును. హోరు అంతకంటె పైస్థాయిలో కూడ దట్టముగా నుండును. స్క్వెల్చ్ ఆ పైస్థాయి హోరును మాత్రమే వడకట్టి, పెంచి, ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దానితోనే స్పీకరు ద్వారమును మూయును. హోరు ఉన్నంతవఱకు తలుపు మూసియుండును. దూరమున నెవడైన మీట నొక్కగానే వాని తరంగము వచ్చి హోరును అణచివేయును, హోరు పోగానే తలుపు తెఱచుకొనును, మాట గదిలో పడును. శత్రువు చేతనే కాపలా కాయించుట యనిన ఇదియే. ఈ పెట్టెలో పెద్దపేరు పొందిన సర్క్యూట్లు ఎన్ని యున్నను, పడవవానికి మేలుచేయుటలో దీనికే అగ్రతాంబూల మీయవలెనని మా తలంపు.

ఈ తరంగములకు మఱియొక లక్షణము కలదు. ఇవి నేల వంపును అనుసరించి యెక్కువ దూరము వంగిపోవు. చూపు సాగినంత దూరమే, లేదా కొంచెము ఎక్కువ, పోవును. గండికోట లోయ అడుగున పెన్న యొడ్డున నిలిచి ఇట్టి సెట్టుతో పిలిచిన, ఇరుప్రక్కల నిట్టనిలువు బండలు ఆ పిలుపును మ్రింగును. కోట బురుజుపై నుండి పిలిచిన చాలదూరము వినబడును. సముద్రమున బండలు లేవు గాని నీటి వంపే బండయగును. నాలుగేసి మీటర్ల ఎత్తున ఏరియల్ గల రెండు పడవలకు నడుమ మాట సుమారు పదునాఱు కిలోమీటర్లు సాగును. అదే తీరమున నూరు మీటర్ల ఎత్తు కొండమీద ఏరియల్ ఉన్నచో సుమారు ఏబది కిలోమీటర్ల వఱకు అందును. శక్తిని పెంచుటకంటె ఏరియల్‌ను ఎత్తున నిలుపుటయే లాభకరమని దీనివలన తేలుచున్నది. తరంగము రెండు మీటర్లకు లోపు గనుక సగపు తరంగమునకు సరియగు ఏరియల్ మీటరు పొడవైనను ఉండదు, చిన్నపడవలోనైనను నిలుపవచ్చును.

మన తీరమునకు ఈ చెవి అవసరమెంతయో రెండు తేదులు చెప్పును. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి సుమారు పదివేలమందిని పొట్టబెట్టుకొనెను. 1996 నవంబరు 6న తుపాను కాకినాడ ప్రాంతమున తీరము దాటినపుడు, సముద్రముమీద వేటలోనున్న మరపడవలు పెక్కు మునిగి వందలకొలది మత్స్యకారులు తిరిగిరాలేదు. మొదటిది తీరమున నున్నవారి కథ, రెండవది నీటిమీద నున్నవారి కథ. తీరమున నున్నవానికి ఆకాశవాణి హెచ్చరిక చాలవఱకు చాలును. నీటిమీద ఇంజను ఆగిపోయిన పడవవాడు హెచ్చరికను విన్నను ఏమి చేయగలడు? వాని చిరునామా ఎవరికిని తెలియదు. 16వ కాలువలో వాడొక్కమాట పలికినచో, దాపున నున్న పడవలన్నియు, ఓడలును, తీరరక్షకదళపు నౌకలును ఒకేసారి వినును. టెలిఫోను ఒక్కనికి మాత్రమే మ్రోగును. ఇది ఊరిబావి చెంత వేసిన కేకవంటిది, ఆ కేకను అందఱును విందురు. తీరమునకు దూరముగా మొబైలు ఫోనులు మూగవోయినపుడు ఈ కేకయే మిగులును. అందులకే అన్నియెడల ఫోనులు వచ్చినను దీనిని పాతబడినదని త్రోసివేయుట తగదని మేము గట్టిగా అనుకొనుచున్నాము.

1999 ఫిబ్రవరి 1 నాటికి పూర్తిగా అమలులోనికి వచ్చిన ప్రపంచ నౌకారక్షణ విధానములో చెవి పనియు యంత్రమునకే అప్పగింపబడినది. 70వ కాలువలో మాటలుండవు, అంకెల సంకేతములే పోవును. మూతతీసి ఎఱ్ఱమీటను నొక్కినచో ఆ నౌక యొక్క తొమ్మిదంకెల గుర్తును, సెట్టునకు స్థానమును తెలిపెడి పరికరము జతచేసియున్నచో అది యున్నచోటును, తనంతట వెడలును. భారతదేశపు నౌకల గుర్తులు 419తో ఆరంభమగును. అవతల సెట్టు ఆ సంకేతమును పోల్చుకొని గంట మ్రోగించును. ఇట్టి సెట్లు చిన్నపడవ లన్నింటికిని లేవు. చేతిలో నిముడు సామాన్యపు సెట్టు గలవానికి పాత స్క్వెల్చ్ మీటయే దిక్కు.

ఆ మీటను సరిగా నిలుపుట తెలియనిచో పై కథయంతయు వ్యర్థము. ఎక్కువ త్రిప్పిన తలుపు మరీ బిగిసి, దగ్గరివాని బిగ్గరమాట మాత్రమే లోనికి వచ్చును. దూరమున చల్లారుచున్న బ్యాటరీతో పిలుచువాని మాట బయటనే నిలిచిపోవును. మొదట మీటను పూర్తిగా వెనుకకు త్రిప్పి హోరును రానీయవలెను. పిదప మెల్లమెల్లగా ముందుకు త్రిప్పుచు, హోరు అణగిన చోటనే చేయి ఆపవలెను.