ప్రశ్నగుర్తు ఆకారంలో ఒక క్రిమి

దివిసీమలో ఊడ్పులు ముగించి గట్టెక్కినవాళ్ల పాదాలు చూడండి. వేళ్ల సందులు నాని, తెల్లబడి, ఒరిసిపోయి ఉంటాయి. అదే గట్టులో ఎలుక కన్నాలు. ఎలుక మూత్రం మడినీళ్లలో కలుస్తుంది, ఆ ఒరిసిన చర్మమే క్రిమికి దారి. వారం, పది రోజులకు జ్వరం, పిక్కల్లో పోట్లు, ఎర్రబడ్డ కళ్లు. మలేరియానో టైఫాయిడో అనుకుంటారు. కళ్లు పచ్చబడితే కామెర్లంటూ పసరు మందుకు పరిగెడతారు. ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, ఎప్పుడూ ఇలా పొరుగు జబ్బు పేరుతోనే తిరిగింది.

1886లో జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ వైల్ దాని లక్షణాలు రాశాడు గానీ క్రిమి ఆయనకు దొరకలేదు. 1907లో అమెరికాలో స్టిమ్సన్ అనే వైద్యుడు, ఎల్లో ఫీవర్‌తో పోయాడనుకున్న మనిషి మూత్రపిండంలో మెలికల క్రిములు చూశాడు. కొస కొక్కెంలా వంగి అచ్చం ప్రశ్నగుర్తే. అందుకే ‘ఇంటెరొగాన్స్’ అన్నాడు. జబ్బుకు కారణం అదేనని 1915లో తేల్చింది జపాన్‌లో ఇనాడా, ఇడోల బృందం. మోసేది ఎలుకలని కూడా ఆ తర్వాత వాళ్లే చూపారు.

చాలాకాలం నమ్మకమైన పరీక్ష ఒక్కటే: రోగి సీరంలో బతికున్న లెప్టోస్పైరాలను కలిపి, అవి గుంపు కడుతున్నాయేమో సూక్ష్మదర్శినిలో చూడటం. అందుకోసం రకరకాల క్రిములను ల్యాబులో ఎప్పుడూ పెంచుతూ ఉండాలి. పైగా రక్తంలో యాంటీబాడీలు కనపడటానికి ఇంచుమించు వారం పడుతుంది. మందు బాగా పనిచేసేదీ ఆ మొదటి వారంలోనే. అసలు చిక్కంతా ఇక్కడే. డీఎన్ఏను పెంచి చూసే పీసీఆర్ పరీక్ష వచ్చాక తొలిరోజుల రక్తంలోనే క్రిమి డీఎన్ఏ పట్టుకోవడం వీలైంది.

2003లో చైనా శాస్త్రవేత్తలు ఈ క్రిమి జన్యుపటం మొత్తం చదివారు, సుమారు 47 లక్షల అక్షరాలు. 2006లో మన హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో నియాజ్ అహ్మద్ బృందం అంతా చదవనక్కర్లేకుండా ఆరు జన్యువుల్లోని తేడాలతోనే ఏ రకం క్రిమో తేల్చే పద్ధతి ప్రకటించింది. రోగి దగ్గర దొరికిందీ, గట్టుమీది ఎలుకలో ఉన్నదీ ఒకటేనా అని పోల్చడానికి ఇలాంటి లెక్కే కావాలి.

డీఎన్ఏ చదవడం రోగికి ఎలా అక్కరకొస్తుందో చెప్పే ఇంకా గట్టి ఉదాహరణ 2014లో అచ్చయింది. అమెరికాలో 14 ఏళ్ల కుర్రాడికి మెదడు వాపు, మామూలు పరీక్షల్లో ఏమీ దొరకలేదు. వెన్నెముక నీటిలోని డీఎన్ఏనంతా ఏ క్రిమినీ ముందుగా అనుమానించకుండా చదివితే, 30 లక్షల పైచిలుకు తునకల్లో 475 లెప్టోస్పైరావి. పెన్సిలిన్ ఇచ్చారు, కోలుకున్నాడు.

నాగాయలంక నుంచి జ్వరంతో మచిలీపట్నం వచ్చిన కూలీకి అలా డీఎన్ఏ చదివే యంత్రం అందదు. డాక్టరు అనుమానంతోనే డాక్సీసైక్లిన్ మొదలుపెడతాడు, అదే సబబు. కాకపోతే బిళ్ల పడ్డాక రక్తంలో క్రిమి డీఎన్ఏ జాడ తగ్గిపోతుంది. అందుకని ముందే ఒక ట్యూబు రక్తం తీసి ఐస్‌లో పెట్టాలి.