మిల్లులోకి ఈథర్‌నెట్ ఎలా వచ్చింది?



మన కోయంబత్తూరు తెలుగు ఇళ్ళలో మిల్లు, మోటారు, పంపు అన్నవి వంటింటి మాటలంత మామూలు. 1937లో పీలమేడులో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి విద్యుత్ మోటారు తయారుచేసిన కాలం నుంచి మనలో ఎన్నో కుటుంబాలు యంత్రాలను నమ్ముకునే బతికాయి. ఇప్పుడు అవే ఇళ్ళలో ఒక కొత్త మాట వింటున్నాం: "ఇక అంతా నెట్‌వర్కేనట, ప్యానెల్ పనివాడి కాలం అయిపోయింది." ఇది నిజమో కాదో తేల్చుకోవాలంటే ఆ నెట్‌వర్కు ఫ్యాక్టరీలోకి వచ్చిన కథ తెలియాలి.

మొదట అంతా రిలేలే. యంత్రం పని తీరు మారితే ప్యానెల్ విప్పి వైరింగంతా మళ్ళీ చేయాలి. ఈ బాధ తప్పించడానికి 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కొత్త కంట్రోలరు కావాలని అడిగింది. అలా డిక్ మోర్లీ బృందం చేతిలో మోడికాన్ 084 అనే పీఎల్‌సీ పుట్టింది. దాని ప్రోగ్రాము రిలే డ్రాయింగులాగే నిచ్చెన రూపంలో ఉండేది. ఎలక్ట్రీషియన్లకు తెలిసిన భాష అదే కదా! పెట్టె కొత్తదే గాని అందులోని భాష పాత పనివాడిదే. ఇది గుర్తుపెట్టుకుందాం.

ఈథర్‌నెట్ పుట్టింది ఫ్యాక్టరీలో కాదు, ఆఫీసు కోసం. 1973 మే 22న జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ రాసిన మెమోతో అది మొదలైంది. 1980లో డెక్, ఇంటెల్, జిరాక్స్ కలిసి సెకనుకు 10 మెగాబిట్ల ప్రమాణాన్ని ప్రకటించాయి. అప్పట్లో కంప్యూటర్లన్నీ ఒకే తీగను పంచుకునేవి. తీగ ఖాళీగా ఉందో లేదో విని మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరూ ఆగి, కాసేపటికి మళ్ళీ ప్రయత్నించాలి. ఆ కాసేపు ఎంతసేపో ముందే చెప్పలేం. ఆఫీసులో ఉత్తరం అర సెకను ఆలస్యంగా ప్రింటైతే కొంప మునగదు. నడుస్తున్న యంత్రానికి "ఆగు" అన్న మాట ఆలస్యంగా చేరితే చెయ్యి పోతుంది.

అందుకే ఫ్యాక్టరీలవాళ్ళు దాన్ని నమ్మలేదు. 1980లలో జనరల్ మోటార్స్ మ్యాప్ అనే వేరే పద్ధతిని ముందుకు తెచ్చింది. చీటీ ఎవరి చేతికి వస్తే వాళ్ళే మాట్లాడాలి, కాబట్టి వంతు ఎప్పుడొస్తుందో లెక్క ఉంటుంది. ఆలోచన మంచిదే, కానీ ఖర్చు ఎక్కువ, కట్టడం కష్టం. అది నిలవలేదు. మరోపక్క మోడ్‌బస్, ప్రొఫీబస్, డివైస్‌నెట్ అంటూ ఎన్నో పద్ధతులు వచ్చాయి. ఒకరి యంత్రం మాట ఇంకొకరి యంత్రానికి అర్థమయ్యేది కాదు.

దారి తెరిచింది స్విచ్. 1990లో అమెరికాలో కల్పన అనే కంపెనీ ఈథర్‌నెట్ స్విచ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దాన్ని స్థాపించినవారిలో ఒకరు భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్. స్విచ్ వల్ల ప్రతి యంత్రానికీ దాని సొంత దారి దొరికింది. 1997 ప్రమాణంతో పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగే పద్ధతి స్థిరపడింది. ఢీకొనే సమస్య పోయింది. స్విచ్‌లో క్యూ మాత్రం మిగిలింది. దానికి ప్రొఫీనెట్, ఈథర్‌క్యాట్ వంటివి తమ తమ ఉపాయాలు కనిపెట్టాయి. 2003లో వచ్చిన ఈథర్‌క్యాట్‌లో సమాచారం ఆగని రైలులా సాగుతుంది. ప్రతి పరికరమూ తనది దింపుకొని, తన జవాబు ఎక్కిస్తుంది.

అంటే ఈథర్‌నెట్ ఫ్యాక్టరీని గెలిచింది వేగంతో కాదు. "మాట వేళకు చేరుతుందా?" అన్న పనివాడి ప్రశ్నకు జవాబు చెప్పాకే లోపలికి రానిచ్చారు.

ఆ ప్రశ్నలు ఇప్పటికీ అయిపోలేదు. రాగి కేబులు 100 మీటర్లు దాటకూడదు, దాటితే ఫైబర్ వేయాలి. మోటారు డ్రైవు పవర్ కేబులు పక్కనే నెట్‌వర్కు కేబులు పరిస్తే నాయిస్ ఎక్కుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు లైను ఊరికే ఆగుతుంది, కారణం కంప్యూటర్ తెరమీద కనిపించదు. ఆఫీసు ప్లగ్గు అదురుకి వదులవుతుంది, అందుకే మరతో బిగించే ఎం12 కనెక్టర్లు వాడతారు. ఇవన్నీ ముప్పై ఏళ్ళు ప్యానెల్ దగ్గర నిలబడ్డ మన పెద్దలకు కొట్టిన పిండి.

పిల్లలకు తెలిసినవి వేరే ఉన్నాయి. ఆఫీసు నెట్‌వర్కునూ యంత్రాల నెట్‌వర్కునూ విడదీసి మధ్యలో కాపలా పెట్టాలి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ యూఎస్‌బీ ద్వారా కూడా పాకి సీమెన్స్ పీఎల్‌సీల ప్రోగ్రాములనే మార్చింది. తలుపు వేసి ఉంది కదా అని నిశ్చింతగా ఉండే రోజులు అప్పుడే పోయాయి.

కాబట్టి మన చిన్న వర్క్‌షాపుల యజమానులకు మేము చెప్పేది ఒక్కటే. కొత్త యంత్రం కొనేముందు, అది వేరే కంపెనీ యంత్రాలతో మాట్లాడుతుందా అని అడగండి. అది బిగించే రోజున ఇంట్లో చదువుకున్న పిల్లనో పిల్లవాడినో, రిటైరైన మామయ్యనో బాబాయినో కలిపి ఒకే ప్యానెల్ ముందు నిలబెట్టండి. తీగలో ఏం నడుస్తోందో ఒకరికి తెలుసు, తీగను ఎక్కడ పరచాలో ఇంకొకరికి తెలుసు. మన మిల్లుకు ఇద్దరూ కావాలి.