ఈకల బంతి ఖరీదు

మా మేనల్లుడు ఫోన్‌లో గోల్ఫ్ క్లాష్ ఆడతాడు. అందులో మామూలు బంతికి ఖర్చు లేదు, మంచి బంతి కావాలంటే మాత్రం రత్నాలు పొయ్యాలి. ఒకదానికి దూరం ఎక్కువ, ఒకటి గాలికి లొంగదు, ఇంకొకటి పక్కకి బాగా తిరుగుతుంది. “ఏది కొంటే గిట్టుబాటు అత్తా?” అని నన్నే అడుగుతాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను జనపనార మిల్లు కాస్టింగ్ సెక్షన్‌లోనే ఉన్నాను మరి. ఒక్కో గోనెసంచి తయారీకి ఎంత పడుతోందో పైసలతో సహా తేల్చడమే నా పని. వాడి కోసం మొదలుపెట్టి ఈ బంతి లెక్క వెనక్కి తవ్వుకుంటూ పోతే స్కాట్లండ్‌లో తేలాను. అక్కడ ఈ బేరం నాలుగు వందల ఏళ్లుగా నడుస్తోంది.

1618లో రాజు ఆరో జేమ్స్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. గోల్ఫ్ బంతులు కొనడానికి ఏటా మన బంగారం, వెండి దేశం దాటిపోతున్నాయి కాబట్టి బంతులు ఇక్కడే చెయ్యాలన్నాడు. జేమ్స్ మెల్విల్ అనే అతనికీ, అతని భాగస్వాములకీ 21 ఏళ్లపాటు ఆ హక్కు రాసిచ్చాడు. అయితే బంతి ధర నాలుగు షిల్లింగులు దాటకూడదని షరతు పెట్టాడు. దిగుమతికి అడ్డుకట్ట, గుత్తాధిపత్యం, ధరకు గరిష్ఠ పరిమితి. ప్రభుత్వాలు ఇప్పుడు చేసే పనులన్నీ ఒక్క ఆటబంతి మీద అప్పుడే చేసేశారు.

అంత ఖరీదు ఎందుకయిందో తెలియాలంటే ఆ బంతి తయారీ చూడాలి. తోలును పటిక నీళ్లలో నానబెట్టి, ముక్కలు కోసి, కుట్టి, కుట్టు లోపలికి పోయేలా తిరగేసేవారు. చిన్న కన్నం ఒక్కటి వదిలేవారు. ఆ తోలు తిత్తిని గుంటగా ఉన్న పట్టులో బిగించి, పొడుగు టోపీకి నిండుగా వచ్చేటన్ని బాతు ఈకల్ని తడిపి, ఆ కన్నంలోంచి కూరేవారు. చేతిబలం చాలదు. ఇనుప దబ్బనం పిడిని రొమ్ముకు ఆనించి ఒళ్లంతా వాల్చి నొక్కేవారు. కన్నం కుట్టేశాక ఆరబెడితే తోలు ముడుచుకుంటుంది, లోపల ఈకలు ఉబ్బుతాయి. ఆ రెండు ఒత్తిళ్ల మధ్య బంతి రాయిలా బిగుస్తుంది. అప్పుడు సుత్తితో గుండ్రంగా కొట్టి తెల్లరంగు పూసేవారు. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా రోజుకు మూడో నాలుగో, అంతే.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇలాంటి బంతికి రెండు నుంచి అయిదు షిల్లింగులు పలికేది. వానలో తడిస్తే కుట్లు కుళ్లిపోయేవి. ఇనుప కర్ర అంచు సరిగ్గా తగిలితే తోలు చీలి ఈకలు బయటికొచ్చేవి. అందుకని ఆటగాళ్లు ఒక్క ఆటకే నాలుగైదు బంతులు వెంట పెట్టుకునేవారు. ఈ ఖర్చు భరించగలిగేది జమీందార్లు, ప్లీడర్లు, సైనికాధికారులు. 1829లో కలకత్తా డమ్‌డమ్‌లో గోల్ఫ్ క్లబ్బు పెట్టిందీ ఆ తరగతివాళ్లే. బ్రిటిష్ దీవుల బయట ఇప్పటికీ నడుస్తున్న క్లబ్బుల్లో అదే అన్నిటికంటే పాతది. బెంగాల్ వానల్లో ఈకల బంతి ఎన్నాళ్లు నిలిచి ఉంటుంది?

ఆ బంతులు చేసేవాళ్లలో పేరున్నవాడు సెయింట్ ఆండ్రూస్ ఊరి ఆలన్ రాబర్ట్‌సన్. ఆటలోనూ అతన్ని మించినవాడు ఆనాడు లేడు. తన బంతుల మీద తన పేరూ, తూకం అంకే ముద్రించేవాడు. ఇంటి వంటగదే కార్ఖానా. 1840లో 1,021 బంతులు, 1844 నాటికి 2,456 బంతులు అక్కడ తయారయ్యాయని లెక్క ఉంది. ఆదివారాలు తీసేస్తే రోజుకు ఎనిమిదికి కాస్త తక్కువ. తోడుగా టామ్ మారిస్, మరో పనివాడు. మనిషికి రోజుకు మూడు బంతులైనా పడలేదన్నమాట. అమ్మకం పెంచాలంటే మనుషుల్ని పెంచడం తప్ప మార్గం లేదు, మనిషిని పెడితే కూలి పెరుగుతుంది. మా మిల్లులో అయితే ఈ సరుకు ధర దిగదని మొదటి రోజే రాసి ఇచ్చేదాన్ని.

అలాగని ఈకల బంతి నాసిది కాదు. 1836లో శామ్యూల్ మెస్యూ అనే ఫ్రెంచి మేస్టారు సెయింట్ ఆండ్రూస్‌లో దాన్ని 361 గజాలు కొట్టాడు. నేల మంచుకు బిగుసుకుని ఉంది, గాలి కూడా అటే వీచింది, అయినా అది చిన్న దెబ్బ కాదు. ఆయన పనిచేసిన బడి పేరు చదివి నేను ఆగిపోయాను. మద్రాస్ కాలేజ్! ఆ ఊళ్లో పుట్టిన ఆండ్రూ బెల్ మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలల ఆశ్రమం నడిపాడు. అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతి అల్లాడు. తర్వాత సొంత ఊళ్లో ఆ పేరుతోనే బడికి డబ్బిచ్చాడు. మన వైపు ఇసుక అక్షరాలకీ ఆ 361 గజాల దెబ్బకీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసి నిజంగా సంతోషమేసింది.

ఇక గట్టాపర్చా. మలయా అడవుల్లో ఒక చెట్టు పాలు అది. వేడినీళ్లలో వేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. 1840లలో సింగపూర్‌లోని మాంట్‌గోమరీ అనే డాక్టరు దాన్ని లండన్‌కు పరిచయం చేశాడు. గోల్ఫ్‌లోకి ఎలా వచ్చిందో ఒక కథ చెబుతారు. సెయింట్ ఆండ్రూస్‌లో పేటర్సన్ అనే కుటుంబానికి తూర్పు దేశాల నుంచి ఒక విష్ణు విగ్రహం వచ్చిందట. దెబ్బ తగలకుండా దాని చుట్టూ గట్టాపర్చా ముక్కలు కూరారట. ఆ ఇంటి కుర్రాడు రాబర్ట్ వాటిని కరిగించి బంతి చేశాడట. కథ ఎంతవరకు నిజమైనా, 1848 కల్లా గట్టాపర్చా బంతులు బజారుకొచ్చాయి. ఒక్కటి ఒక షిల్లింగు. తడిస్తే ఏమీ కాదు. సొట్టపడితే వేడినీళ్లలో వేసి మళ్లీ అచ్చులో నొక్కితే కొత్తది. ఏ లెక్కన చూసినా ఇంతకు మించిన బేరం ఇంకోటి కనిపించదు. ఆ ఏడాదే ఇన్నర్‌లెవెన్ క్లబ్బు సభ్యులు గట్టాపర్చాని పొగుడుతూ పాట కట్టి పాడుకున్నారు.

రాబర్ట్‌సన్ ఇంట్లో మాత్రం కూడు పోయేలా ఉంది. గడ్డిలో దొరికిన గట్టాపర్చా బంతుల్ని పిల్లల దగ్గర కొని తగలబెట్టేవాడని చెబుతారు. ఈ బంతితో ఆడనని టామ్ మారిస్ దగ్గర మాట తీసుకున్నాడు. ఒకరోజు ఆటలో టామ్ దగ్గర బంతులు అయిపోయాయి. తోటి ఆటగాడు ఇచ్చిన గట్టాపర్చా బంతితో ఆట ముగించాడు. ఆ సంగతి ఆలన్ చెవిన పడింది, మాటా మాటా పెరిగింది, టామ్ బయటికొచ్చేసి సొంతంగా కొట్టు పెట్టుకున్నాడు. 1851లో ప్రెస్ట్‌విక్ వెళ్లాడు. మొదటి ఓపెన్ పోటీ 1860లో జరిగింది ఆ ప్రెస్ట్‌విక్‌లోనే. ఆలన్ కూడా చివరికి గట్టాపర్చాకే దిగాడు. దబ్బనం రొమ్ముకు ఆనించి బతికినవాడి కోపం నాకు అర్థమవుతుంది. గోనెసంచి స్థానంలో ప్లాస్టిక్ సంచి వచ్చినప్పుడు మా మగ్గాల దగ్గర అవే మొహాలు చూశాను.

కొత్త బంతికీ దోషాలున్నాయి. నున్నగా ఉన్నప్పుడు ఎగిరి ఠక్కున కిందికి వాలేది. కొట్టి కొట్టి గాట్లు పడ్డాక చక్కగా పోయేది. అది చూసి ముందే సుత్తితో గీతలు కొట్టడం మొదలుపెట్టారు. చలికి కొన్ని బంతులు గాలిలోనే ముక్కలయ్యేవి. అప్పుడు పెద్ద ముక్క పడ్డ చోటినుంచి ఆడాలని నియమం పెట్టారు.

ఆ షిల్లింగులో కలవని ఖర్చు ఒకటుంది. రబ్బరు చెట్టుకు గాటు పెట్టినట్టు ఈ చెట్టుకు పెడితే పాలు సరిగా కారవు. అందుకని చెట్టునే నరికేసేవారు. సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు కూడా ఇదే కావడంతో మలయాలో ఆ చెట్లు లక్షల్లో కూలిపోయాయి. ఇందులో పెద్ద వాటా తీగలదే, బంతులది కాదు. అయినా ఆ అడవి విలువ ఏ బిల్లులోనూ ఎక్కలేదు. చవక అన్న ప్రతి మాట వెనకా నేను ఇప్పటికీ ఆ కాలమ్ వెతుకుతాను.

1898లో అమెరికాలో కోబర్న్ హాస్కెల్, గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీకి చెందిన బెర్‌ట్రమ్ వర్క్‌తో కలిసి రబ్బరు దారం బిగించి చుట్టిన బంతి చేశాడు. అది గట్టాపర్చా బంతికంటే ఖరీదు, కానీ దూరం పోతుంది. పేరున్న ఆటగాళ్లు దాన్ని నమ్మలేదు. 1902లో హోయ్‌లేక్ ఓపెన్‌లో శాండీ హెర్డ్ ఆ బంతితోనే ఆడి, గట్టాపర్చాతో ఆడిన హ్యారీ వార్డన్‌నీ జేమ్స్ బ్రెయిడ్‌నీ ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. పోటీలో ఉన్న 72 గుంటలకీ అతను వాడింది ఒకే బంతి. చివరికొచ్చేసరికి తొడుగు చిట్లి లోపలి రబ్బరు దారాలు బయటికి కనిపించాయట. మా వాడి ఆటలో రత్నాల బంతి ఒక్క గుంటకే ఖర్చయిపోతుంది. ఖరీదు ఎంతైనా కానీ, 72 గుంటల మీద పంచితే హెర్డ్ బంతి అంత చవకది ఆ రోజు ఇంకెవరి చేతిలోనూ లేదు.