లదేణి దారి, రైలు దారి

చరిత్రను బొమ్మలలో చూసేవారు మొదట వేయవలసిన ప్రశ్న ఒకటి వుంది: బొమ్మలో కూర్చున్నదెవరు, నడుస్తున్నదెవరు? 1821లో పదిహేనేళ్ల వయసున స్విట్జర్లాండు నుంచి కెనడాలోని ఎర్రనది వలసకు చేరిన పీటర్ రిండిస్‌బాకర్, మంచుమీద కుక్కలు లాగే బండ్లను చిత్రించాడు. 1825 ప్రాంతంలో అచ్చయిన అటువంటి బొమ్మ పేరునుబట్టి చూస్తే ప్రయాణం చేస్తున్నది దొర. ఆదివాసి అతనికి దారి చూపే తోడు మాత్రమే. ఐరోపా టోపీల కోసం సాగిన తోళ్ల వ్యాపారానికి చలికాలపు రాకపోకలు ఈ బండ్లమీదనే జరిగేవి. 1670లో రాజపత్రం పొందిన హడ్సన్ బే కంపెనీ ఆ నేలకు యజమాని అయింది. ఆ నేలను ఎరిగినవాడు తోడు మనిషిగా మిగిలాడు.

ఆ కాలంలోనే మన దక్కను సరుకును మోసినవారు బంజారాలు, మనం లంబాడీలని పిలిచేవారు. ఎద్దుల వీపున గోనెలు వేసి ధాన్యం, ఉప్పు దూరదేశాలకు చేర్చే ఆ వృత్తిని వారు లదేణి అన్నారు. తండా అంటే అప్పుడు ఊరు కాదు, కదిలే బిడారు. పదిహేడవ శతాబ్దిలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఒక్కొక్క బిడారులో పదివేలు, పన్నెండువేల ఎద్దులను గురించి రాశాడు. 1799లో శ్రీరంగపట్నం మీదికి నడిచిన ఈస్టిండియా కంపెనీ సైన్యం కూడా బంజారాల ధాన్యంమీద ఆధారపడింది. కోటలు పట్టినవారి పేర్లు పాఠ్యగ్రంథాలకెక్కాయి. గింజలు చేరవేసినవారి పేర్లు ఎక్కలేదు.

అయితే ఇక్కడ ఒక విశేషాన్ని గుర్తించాలి. లంబాడీ కూలివాడు కాడు. ఎద్దు అతనిది, దారిపొడుగునా దొరికే మేత అందరిది. ఆ రెండూ చేతిలో వున్నంతకాలం అతడు ఏ దొరకూ వెట్టి చేయవలసిన అవసరం లేకపోయింది.

దీనిని మార్చినది రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. నిజాం ఖజానా హామీతో నడిచిన కంపెనీ ఆ దారిని 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేర్చింది. జనగామ, మహబూబాబాదు ఆ దారిలోని స్టేషన్లు. డోర్నకల్లు నుంచి సింగరేణి బొగ్గుకు ఒక కొమ్మ చీలింది. ఆ బొగ్గు తవ్వకమే నేడు భూపాలపల్లిదాకా విస్తరించింది. వెయ్యి ఎద్దులు నెలలు నడిచి మోసే ఉప్పును రైలు రోజులలో దింపింది. అడవి చట్టాలు మేతకు అడ్డుకట్ట వేశాయి. 1871నాటి నేరస్త జాతుల చట్టం వచ్చాక, బ్రిటిషు పాలిత ప్రాంతాలలో తిరిగేవాడు తిరిగినందుకే అనుమానితుడయ్యాడు.

రైలును తిట్టడం మన పని కాదు. భారతదేశంలో రైళ్లు ఆధునిక పరిశ్రమకు నాంది పలుకుతాయని మార్క్సు 1853లోనే రాశాడు. కాని ప్రజలు అధికారం చేజిక్కించుకోనిదే దాని ఫలం వారికి దక్కదని కూడా ఆయన హెచ్చరించాడు. ఆ రెండవ మాటను మరచి మొదటిదానినే వల్లించే చరిత్రకారులు మనలో తక్కువేమీ కాదు.

బిడారు ఆగిన చోట తండా వెలిసింది. లంబాడీలు పొదలు నరికి, పోడు చేసి, బంజరును పొలంగా మార్చారు. పొలమయ్యాక దేశ్‌ముఖులు కాగితాలతో వచ్చారు. జనగామ ప్రాంతపు ధర్మాపురం లంబాడీలు ఆ కాగితాలకు తలవంచలేదు. తెలంగాణా సాయుధ పోరాటంలో జాటోతు ఠాణూ నాయక్ అక్కడి నుంచే వచ్చి ప్రాణాలర్పించాడు. ఒక తరంలో ఎద్దునూ, మరొక తరంలో నేలనూ పోగొట్టుకున్నవారి తిరుగుబాటు అది. తెలంగాణా లంబాడీలకు షెడ్యూల్డు తెగల గుర్తింపు 1976నాటి చట్టంతో గాని రాలేదు.

తరగతిలో రైలు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు స్టేషన్ల పేర్లతోపాటు ఆ స్టేషన్లకు ముందు ఉప్పు ఎవరి ఎద్దులమీద వచ్చేదో కూడా అడగాలి. మహబూబాబాదు పాఠశాలలలో జవాబు చెప్పగల పిల్లలు ముందు బెంచీలలోనే వుంటారు. వారి తాతలు చెప్పిన లదేణి కథలను రాసుకోవడంతో మన పని మొదలు కావాలి.